బంక పెట్టని కవరు

మూడేండ్లుగా చీటీలు మోస్తాండా.
తాడిపత్రి నుంచి అనంతపురానికి,
ఛాతీ డాక్టరు నుంచి ఎక్స్‌రే గదికి,
ఎక్స్‌రే గది నుంచి మళ్ళా ఛాతీ డాక్టరుకి.
చీరల అంగడి కవర్లో పెట్టి, పైన ఇంకో కవరు తొడిగి,
బస్సు కిటికీలోంచి చినుకు పడకుండా
ఒళ్ళో దాచుకొని.
మా గురించి రాసిన ఉత్తరాలకు
మేమే పోస్టుమ్యాన్లము.

ఒకసారి కండక్టరును అడిగినా, ఏం రాసుండారు నాయనా అని.
అటు తిప్పి ఇటు తిప్పి
"పేరు ఉండాదిలేమ్మా" అన్యాడు.
పేరు నాకు తెలుసు.
ఎనిమిది చదివే మా చిన్నోడు కూడబలుక్కొని
రెండో వరుసకే చెమట పట్టి
"ఇది ఇంగ్లీషు కాదు మా, డాక్టర్ల బాస" అని
కొళాయి కాడికి పరిగెత్తినాడు.

ఆయప్పకు దగ్గు.
రాత్రిపూట మంచం కోళ్ళు కదిలే దగ్గు.
ఆర్నెల్లు టీబీ మాత్రలు మింగినాడు, మూత్రం ఎర్రగా పోసినాడు.
నయమైందన్యారు.
మళ్ళా ఆర్నెల్లు మింగినాడు.
చొక్కా అదే సైజు,
దాంట్లో మనిషే తగ్గుతా వచ్చినాడు.

ఈసారి పదమూడో నంబరు గదిలో కొత్త డాక్టరమ్మ.
కర్నూలు పెద్ద డాక్టరుకు రాస్తాండా, పోయి సూపించండి అనింది.
రాసింది. కవరు తీసింది. బంక సీసా మూత తీసింది.
ఏమనుకున్యాదో, మళ్ళా మూత పెట్టేసి
"మీ గురించే కదా ఇది. చదువుతా, ఇనండి" అనింది.

బయట లైను. జవాను రెండుసార్లు తలుపు తీసి చూసి పోయినాడు.
ఇంగ్లీషులో చూసుకుంటా, తెలుగులో చెప్పుకుంటా
నిదానంగా చదివింది.
"ఫక్కీరప్ప, నలభై నాలుగేండ్లు."
బడిలో హాజరు పలికినట్ల తలూపినాడు.
"బీడీ తాగనని అంటాడు."
"అంటాడు ఏంది తల్లీ, తాగడు" అన్నా నేను.
"మేము అట్లే రాస్తాంలేమ్మా" అని నవ్వి
నవ్వు సగంలో ఆపి
ఆ మాట కొట్టేసింది.
"రెండుసార్లు టీబీ మందులు వాడినాడు.
తెమడలో పురుగు ఎప్పుడూ కనపల్యా."

ఈ సంగతి మాకెవరూ చెప్పల్యా.
కనపడని పురుగుకు పన్నెండు నెలలు మందు.
ఆయప్ప తట్ట వేరు, చెంబు వేరు
పెట్టిన చేతులు నావే.

"పని: కూలి."

అప్పుడు నోరు తెరిచినాడు.
మూడేండ్లలో ఆ ఆస్పత్రిలో
దగ్గు కాకుండా ఆయప్ప చేసిన మొదటి సద్దు అది.
"కూలి అంటే చేను పని అనుకుంటారేమో మేడం.
నాది రాయి. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోస్తా.
పంతొమ్మిదేండ్లు.
మోటరు చెడిపోయి నీళ్ళు రాని రోజు ఊరికే కోస్తాము,
పక్కనున్నోడు కనపడడు.
ఇంటికొచ్చి కండ్లు తుడుచుకుంటే రెప్పల్లోంచి రాలుతాది."

పెన్ను అట్లే పట్టుకొని ఉండిపోయింది డాక్టరమ్మ.
ఎక్స్‌రే మళ్ళా వెలుతురుకు పెట్టింది,
ఇంతమంది చూసిన అదే ఎక్స్‌రే.
"కూలి" కొట్టేసి ఏందో పొడుగ్గా రాసింది.
ఆ పొడుగు మాట తెలుగులో ఏందని అడిగితే
"రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది" అనింది.
తగ్గుతాదా అన్యాడు ఆయప్ప.
"తగ్గదు. పెరగకుండా చూస్తాము.
కర్నూలులో తేల్చి చెప్తారు. అంతవరకు ఆ పనికి పోవద్దు."
చీటీ ఎనకపక్క అదే తెలుగులో నాలుగు వరుసలు రాసి
కవరు అంటించకుండా ఇచ్చింది.

పనికి పోకుంటే ఏం తినాలనేది
ఆ నాలుగు వరుసల్లో లేదు.
అడిగేదానికీ ఆ గది కాదులే.

ఆ రాత్రి తట్టలన్నీ ఒకే గంపలో బోర్లించినా.
పడుకున్యాక గోడ అవతల ఇంకో దగ్గు ఇనపడింది.
చిన్నంజినప్ప, ఆయప్ప మిషన్ పక్క మిషన్.
నేను ఐదు వరకు చదివినా.
తెల్లారి లేచి, చీటీ తీసుకొని
వాళ్ళ గడపలో కూర్చోని
నాలుగు వరుసలూ చదివినా,
ఏలు పెట్టుకొని, ఒక్కో అక్షరం.